ఉగాదికి ముందు పాత ఏడాది లెక్క మీరెలా చూసుకుంటారు?

బెల్లంబజారు (మార్చి 9)

అందరికీ నమస్కారం. మాది అనకాపల్లి. ఈ నెల 18న కొత్త అమావాస్య, ఆ మర్నాడు గురువారం ఉగాది. విశ్వావసు వెళ్లి పరాభవ నామ సంవత్సరం వస్తుంది. ఈ పది రోజుల్లో ఒక విషయం తేల్చుకోవాలని ఉండి మిమ్మల్ని అడుగుతున్నాను.

గడిచిన ఆరేళ్లుగా ప్రతి జనవరి 1న ఒక డైరీ కొని, ఆ ఏడాది చేయదలచిన పనులను మొదటి పేజీలో రాసుకోవడం నాకు అలవాటు. మొన్న బీరువా సర్దుతుంటే ఆ ఆరు డైరీలూ ఒక్కచోటే దొరికాయి. వాటిని వరుసగా పరచి చదివినప్పుడు నవ్వూ సిగ్గూ కలిసే వచ్చాయి. తెల్లవారుజామున నడక, ఇంటి అప్పు సగానికి తగ్గించడం, పిల్లవాడికి లెక్కలు నేనే దగ్గర కూర్చుని చెప్పడం అనే మూడు సంగతులు దాదాపు అవే మాటలతో ఆరింటిలోనూ ఉన్నాయి. 2021 డైరీలో నా రాత సంక్రాంతి దాకా సాగింది, 2024 డైరీలో జనవరి 9తో ఆగిపోయింది, మిగిలిన పేజీలు పాల లెక్కకూ ఇస్త్రీ బట్టల లెక్కకూ పనికివచ్చాయి. ఆరంభశూరత్వం అనే మాట మన భాషలో ఊరికే పుట్టలేదు.

మా నాన్నగారు ఇలాంటివేవీ రాసుకోగా నేను చూడలేదు. ఆయన ఇక్కడి బెల్లం మార్కెట్లో ఒక కమీషన్ దుకాణంలో ముప్పై ఒక్క ఏళ్లు గుమాస్తాగా చేశారు. చిట్టా, ఆవర్జా అనే లెక్కల పుస్తకాలు రాయడం ఆయన పని. కొత్త అమావాస్య దగ్గరపడి ఊరంతా నూకాలమ్మ జాతర ఏర్పాట్లలో ఉంటే, ఆయన మాత్రం రాత్రి భోజనం కాగానే ఇంటి పద్దుల పుస్తకం ముందేసుకుని కూర్చునేవారు. ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరి దగ్గర నుంచి ఎంత రావాలి, కుండల్లో బియ్యమూ పప్పూ ఎంత మిగిలాయి అన్నవి మా అమ్మ చెబుతుంటే ఒక్కొక్కటే రాసేవారు. ఉగాది నాడు పచ్చడి తిని, గుడిలో పంచాంగ శ్రవణం విని వచ్చాక, కొత్త పుస్తకానికి నాలుగు మూలలా పసుపు రాసి, "శ్రీరామ" అని పెట్టి, దాని కింద పాత నిల్వ ఎక్కించేవారు. అంతకు మించి ఆయన ఏ తీర్మానమూ చేసినట్లు లేదు. అయినా ఇల్లు అప్పు లేకుండా నడిచింది, మా ఇద్దరు అక్కల పెళ్లిళ్లూ జరిగాయి.

గడిచిన ఏడాదిని మీరు ఏ కొలతతో చూస్తారో, అందులో నుంచి వచ్చే ఏడాదికి సంకల్పం ఎలా తీసుకుంటారో మీ ఇంట్లో నిజంగా జరుగుతున్నది జరిగినట్లు చెప్పగలరా? ధ్యానం చేయండి, ఫోను పక్కన పెట్టండి వంటి సలహాలు ఇప్పటికే చాలా విన్నాను. ఇంకొక చిన్న చిక్కు కూడా ఉంది. పరాభవ అంటే అవమానం, ఓటమి కదా, అలాంటి పేరున్న ఏడాదిలో ఏదైనా మొదలుపెట్టడం ఎందుకని మా అబ్బాయి అడుగుతున్నాడు. పదో తరగతి పరీక్షలు పెట్టుకుని అడుగుతున్నాడు కనుక వాడి ప్రశ్న వెనుక ఉద్దేశం నాకు అర్థమైంది గానీ, జవాబు తోచలేదు.

ముగింపునిల్వ (మార్చి 9)

ముందు మీ అబ్బాయి సంగతి చెబుతాను, ఎందుకంటే నేను పుట్టిందే పరాభవలో, 1966 అక్టోబరులో. ప్రభవతో మొదలై అక్షయతో ముగిసే అరవై పేర్ల చక్రం ఒక చుట్టు తిరిగి మళ్లీ నా దగ్గరికి వచ్చింది. ఈ అక్టోబరు ఆఖరున బ్యాంకు ఉద్యోగం నుంచి విరమిస్తాను. నేను పుట్టిన సంవత్సరం పేరు ఎవరికైనా చెప్పవలసి వచ్చినప్పుడు మా అమ్మ గొంతు కాస్త తగ్గించి చెప్పేది. ఆ పేరు వల్ల నాకు జరిగిన పరాభవం ఒక్కటీ గుర్తులేదు, జరిగినవన్నీ నా నోటి దురుసు వల్ల జరిగినవే. శార్వరి అంటే రాత్రి. 2020 మార్చి 25న, సరిగ్గా ఆ ఉగాది నాడే, దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనప్పుడు పేరు ఎంత సరిపోయిందో అని అందరూ అన్నారు. మరి శోభకృత్‌లో నేను మెట్ల మీద జారి చెయ్యి విరగ్గొట్టుకున్నప్పుడు పేరు సరిపోలేదని ఎవరూ అనలేదు. ఈ రెండు మాటలూ మీ అబ్బాయికి చెప్పి పుస్తకాల ముందు కూర్చోబెట్టండి.

ఇక లెక్క విషయం. మన దేశంలో ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవడం 1867 నుంచి ఉన్నది. అందువల్ల మా వృత్తిలో ఉగాదీ, వార్షిక ముగింపూ ఎప్పుడూ ఒకదానికొకటి అటూ ఇటూగానే వస్తాయి, పండుగ పూట ఇంట్లో స్థిమితంగా కూర్చున్న జ్ఞాపకం నాకు తక్కువ. నేను 1989లో చేరినప్పుడు మా శాఖలో కంప్యూటర్లు లేవు. మార్చి 31 రాత్రి లెడ్జర్లన్నీ చేత్తో కూడి, రెండు రూపాయల తేడా వచ్చినా అది దొరికే దాకా ఎవరూ ఇంటికి వెళ్లేవారు కారు. నా జేబులోంచి ఆ రెండు రూపాయలు వేసేస్తానని కొత్తలో ఒకసారి అంటే, మా మేనేజరు గారు చాలా నెమ్మదిగా "బాబూ, తేడా రెండు రూపాయలు కాకపోవచ్చు, ఒకచోట రెండు వేలు ఎక్కువా, ఇంకొకచోట రెండు వేల రెండు తక్కువా అయి ఉండవచ్చు" అన్నారు. ఆ మాట నాకు లెక్కల్లో కన్నా బయటే ఎక్కువగా ఉపయోగపడింది.

బ్యాంకులో సస్పెన్స్ ఖాతా అని ఒకటి ఉంటుంది. ఒక మొత్తం ఏ పద్దు కిందికి వస్తుందో అప్పటికి తెలియకపోతే తాత్కాలికంగా అందులో వేస్తాం. తనిఖీకి వచ్చే అధికారి మొదట తెరిచేది దానినే. అందులో పాత ఎంట్రీలు పేరుకుపోయి ఉంటే ఆ శాఖలో ఎవరో తేల్చవలసినదాన్ని తేల్చకుండా వదిలేస్తున్నారని అర్థం. మీ ఆరు డైరీల్లోని మూడు వాక్యాలూ నాకు అచ్చంగా అలాంటి ఎంట్రీల్లాగానే కనిపిస్తున్నాయి. అవి మీరు చేసినవీ కావు, మానుకున్నవీ కావు, ఏటేటా ముందుకు మోసుకొస్తున్నవి.

పదేళ్లుగా ఫాల్గుణం చివరి ఆదివారం నేను చేసే పని ఒక్కటే. నా సస్పెన్స్ ఖాతా ఒక కాగితం మీద రాసి, ప్రతి ఎంట్రీనీ ఆ రోజే ఏదో ఒక వైపు తేలుస్తాను. ఫలానా తేదీకి చేస్తానని వేరే పుస్తకంలోకి ఎక్కించడం ఒక దారి, వసూలు కాని బాకీలాగా రద్దు చేయడం రెండో దారి. మూడో దారి పెట్టుకోలేదు. హార్మోనియం నేర్చుకోవాలన్నది నా ఖాతాలో 14 ఏళ్లు ఉంది. 2022లో దాన్ని రద్దు చేసి, పెట్టెను మా మేనకోడలికి ఇచ్చేశాను. ఆ రోజు కొంచెం దుఃఖం కలిగిన మాట నిజం, కానీ ఆ తర్వాత ఆ మూల చూసినప్పుడల్లా కలిగే తప్పు చేసిన భావన పోయింది. మీరూ ముందు రద్దు నుంచి మొదలుపెట్టి చూడండి.

గాలివాటం (మార్చి 10)

నేను ఏదీ రాసుకోను, ఏదీ అనుకోను. నా భార్య అన్నీ రాస్తుంది. ఆవిడ పుస్తకంలో మొదటి పద్దు నేనే. క్షమించాలి, ఇంతకన్నా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు, చర్చ మాత్రం ఆసక్తిగా చదువుతున్నాను.

పాతబడిమాస్టారు (మార్చి 10)

ప్రశ్న వేసినవారు సంకల్పం అనే మాటను తీర్మానం అనే అర్థంలో వాడారు. వాడుకలో అది తప్పేమీ కాదు. అయితే పూజలో చెప్పే సంకల్పాన్ని ఒకసారి జాగ్రత్తగా వింటే, దాని నిర్మాణం మీరు డైరీలో రాసుకున్న వాక్యాల కంటే చాలా భిన్నంగా ఉంటుంది. పురోహితుడు మొదట దేశం చెబుతాడు: జంబూద్వీపం, భరతవర్షం, మేరువుకు దక్షిణ దిగ్భాగం, ఆ తరువాత శ్రీశైలానికి మన ఊరు ఏ దిక్కున ఉందో ఆ దిక్కు. తరువాత కాలం చెబుతాడు: సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం. ఆ తరువాత ఎవరు చేస్తున్నారో గోత్రంతో, పేరుతో, కుటుంబంతో సహా చెబుతాడు. ఇవన్నీ అయ్యాక చిట్టచివర "కరిష్యే" అన్న ఒక్క క్రియ వస్తుంది. చేయబోయే పని కంటే, ఎక్కడ నిలబడి చేస్తున్నామో చెప్పడానికే ఎక్కువ సేపు పడుతుంది.

నాకు 71 ఏళ్లు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పానే తప్ప ఈ సంగతి తట్టలేదు, విరమణ తరువాత గుళ్లో కూర్చుని వింటుండగా తట్టింది. అప్పటినుంచి ఉగాదికి ముందు ఒక అరపేజీ రాస్తాను. అందులో సంకల్పం ఉండదు, దానికి ముందు వచ్చే దేశకాలాలు మాత్రమే ఉంటాయి. కుడి మోకాలు ఎంతవరకు వంగుతోంది, పింఛనులో నెలాఖరుకు ఎంత మిగులుతోంది, ఈ ఏడాది ఎవరెవరు పోయారు, ఇంట్లో నాతో కలిసి భోజనం చేసేవారు ఇప్పుడు ఎంతమంది అన్నవి రాస్తాను. ఇది రాశాక చాలా కోరికలు వాటంతటవే రాలిపోతాయి. తెల్లవారుజామున నడవాలని రాసుకునే ముందు, మీరు రాత్రి ఎన్ని గంటలకు పడుకుంటున్నారో మీ డైరీల్లో ఎక్కడైనా రాసి ఉందా?

పంచాంగ శ్రవణం గురించి కూడా ఒక మాట చెప్పాలి. రాశిఫలాల్లో ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం అని నాలుగు అంకెలు చదువుతారు. ఆదాయం 2, వ్యయం 14 అని వినబడితే ఆ రాశివారి ముఖాలు వాడిపోతాయి, పక్కవారు నవ్వుతారు. ఆ అంకెలను నమ్మమని నేను చెప్పను. ఆ నాలుగు శీర్షికలు మాత్రం గొప్పవని నా అభిప్రాయం. డబ్బు గురించి రెండు గడులు పెట్టినవారు మర్యాద గురించి కూడా రెండు గడులు పెట్టారు. నేను ఏడాది చివర ఆ కడపటి గడిని తిరగేసి, నాకు జరిగిన అవమానాలకు బదులు నేను చేసిన అవమానాలు లెక్కపెడతాను. విశ్వావసులో మూడు తేలాయి. రెండింటికి క్షమాపణ చెప్పుకున్నాను, మూడో మనిషి ఫోను ఎత్తడం లేదు.

ఇంకొకటి. విశ్వావసుకు ఉన్నవి 354 రోజులే. పరాభవ 2027 ఏప్రిల్ 6 దాకా సాగి 384 రోజులు ఉంటుంది, ఎందుకంటే అధిక జ్యేష్ఠం వస్తున్నది, మే 17 నుంచి జూన్ 15 వరకు. పెళ్లిళ్లూ గృహప్రవేశాలూ పెట్టుకోని ఆ నెలను నేను మధ్యలో ఒకసారి ఆగి చూసుకోవడానికి కేటాయించుకున్నాను.

నల్లరేగడి (మార్చి 12)

మాస్టారు గారి మాటలు చదివి ఆనందించాను, అయితే ముగింపునిల్వ గారితో ఒకచోట విభేదించక తప్పదు. బ్యాంకుకు మార్చి 31న లెక్క ముగుస్తుంది, రైతుకు ఏ తేదీనా ముగియదు. మా తాతల కాలంలో జీతగాళ్ల జీతం ఉగాది నుంచి ఉగాదికి మాట్లాడుకునేవారు కనుక ఆ ఒక్క లెక్క ఆ రోజు తెగేది. ఇప్పుడు జీతగాళ్లూ లేరు, ఆ లెక్కా లేదు. నాకు ఉమ్మడి వరంగల్ జిల్లాలో మూడెకరాల సొంత భూమి, రెండెకరాల కౌలు ఉన్నాయి. పత్తి వేస్తాను.

గడిచిన ఏడాదిని తేదీలతో చెబుతాను, ఎందుకంటే నేను తేదీలు మాత్రమే రాసుకుంటాను. 2025లో నైరుతి రుతుపవనాలు మే 24నే కేరళను తాకాయి. మా దగ్గర కూడా నెలాఖరులో మంచి వాన పడింది. ఊరంతా ఉత్సాహపడింది, నేనూ పడ్డాను. మిరుగు (మృగశిర కార్తె) రాకముందే, జూన్ 2న విత్తనం వేశాను. ఆ తర్వాత జూన్‌లో వాన ముఖం చాటేసింది, మొలకెత్తినది సగం మాడిపోయింది, జూలైలో రెండోసారి విత్తనం కొన్నాను. అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటింది, 29న మా చేన్లలో మోకాటి లోతు నీళ్లు నిలిచాయి. అప్పటికి పగిలిన పత్తి చెట్టు మీదే నల్లబడింది. పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు ఉన్న మాట నిజమే గానీ, తేమ 12 శాతం దాటితే ఆ ధరకు కొనరు. నేను చివరికి 5,900కు బయట అమ్ముకున్నాను.

ఇందులో తుపాను నా తప్పు కాదు. దాని గురించి ఏ పుస్తకంలో ఏ సంకల్పం రాసుకున్నా ఉపయోగం లేదు. జూన్ 2 మాత్రం నా తప్పే. వాన చూసి వేయలేదు, పక్క చేనులో వేస్తున్నారని వేశాను. ఈ రెండింటినీ ఒకే వరుసలో రాసుకుంటే ఏడాది మొత్తం మీద ఏడుపు మిగులుతుంది, నేర్చుకున్నది ఏదీ ఉండదు. మొత్తం నష్టం ఎంతో నాకు ఇంకా సరిగ్గా తెలియదు, కౌలు లెక్క తెగలేదు, కాని రెండోసారి విత్తనానికి ఎంత పోయిందో పైసలతో సహా తెలుసు.

కనుక ఈ ఏడాదికి నాది ఒకే ఒక షరతు. 60 మిల్లీమీటర్లకు తగ్గకుండా వాన పడి, నేల జానెడు లోతు తడిసిందని గడ్డపారతో చూసుకునేదాకా విత్తనం సంచి మూతి కొయ్యను. "పంట బాగా తీయాలి" అని నేను రాసుకోలేను, అది నా ఒక్కడి పని కాదు. సంచి కొయ్యకపోవడం నా పనే. ఇంకో మాట, ఒక ఎకరం పత్తి తగ్గించి కంది వేస్తున్నాను, ఇది మా ఇంటావిడ పట్టుదల.

మాస్టారు గారు చెప్పిన అధిక మాసం మాకు ఇంకో రకంగా తగులుతుంది. పోయిన ఏడాది ఏరువాక పున్నమి జూన్ 11న వచ్చింది, ఈసారి జూన్ 29కి పోయింది. మిరుగు మాత్రం ఎప్పటిలాగే జూన్ 8కి అటూ ఇటూగా వస్తుంది, కార్తెలు సూర్యుణ్ణి బట్టి నడుస్తాయి కనుక అధిక మాసం వాటిని కదపదు. మీ పని పండుగను బట్టి నడిచేదో, వానను బట్టి నడిచేదో ముందు చూసుకుని తేదీ పెట్టుకోండి. పిల్లవాడికి లెక్కలు చెప్పాలనుకుంటే దానికి బడి తెరిచే తేదీ ఉన్నది, జనవరి 1తో దానికి సంబంధం లేదు.

క్రౌంచద్వీపవాసి (మార్చి 15)

మాస్టారు గారి సమాధానం చదివాక నా పేరు ఇలా మార్చుకున్నాను. మేము టెక్సాస్‌లో డాలస్ పక్కన ఉంటాము. ఇక్కడ పురోహితులు సంకల్పంలో జంబూద్వీపానికి బదులు క్రౌంచద్వీపం అంటారు. మొదటిసారి విన్నప్పుడు నవ్వుకున్నాను, ఇప్పుడు ఆ మాట దగ్గర ప్రతిసారీ ఒక్క క్షణం ఆగుతాను. ఎక్కడ ఉన్నానో ఎవరో నా తరఫున గట్టిగా చెబుతున్నట్లు ఉంటుంది.

నా లెక్క డబ్బుది కాదు. మా అమ్మ ఏలూరులో ఒంటరిగా ఉంటుంది, 78 ఏళ్లు. అమ్మతో తరచు మాట్లాడుతూనే ఉన్నానని నా గట్టి నమ్మకం. ముగింపునిల్వ గారు చెప్పిన రెండు రూపాయల తేడా గుర్తుకువచ్చి, నిన్న రాత్రి ఫోనులో పాత కాల్స్ అన్నీ తీసి లెక్కపెట్టాను. గత ఉగాది నుంచి ఇప్పటి దాకా 41 సార్లు చేశాను. అందులో పది నిమిషాలు దాటినవి ఆరు. మిగిలినవన్నీ నేను కారు నడుపుతూనో, వంట చేస్తూనో, మందులు వేసుకున్నావా అని అడిగి పెట్టేసినవే. ఆ ఆరింటిలో రెండు, మా పిన్ని పోయినప్పటివి.

నిజానికి ఇది చూసి రోజూ ఫోను చేస్తానని రాసేసుకోబోయాను. నల్లరేగడి గారి సంచి మూతి అప్పుడు గుర్తొచ్చింది. రోజూ చేయడం నా వల్ల కాదని ఏడాది లెక్కే చెబుతోంది. అందుకని శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు, అక్కడ ఆదివారం ఉదయం ఏడు గంటలకు, అమ్మ కాఫీ తాగే వేళకు కూర్చుని మాట్లాడాలని పెట్టుకున్నాను. నవంబరు 1న ఇక్కడ గడియారాలు వెనక్కి తిప్పుతారు కనుక అప్పటినుంచి ఏడున్నరకు. కారులో ఉండగా చేయను, ఇదొక్కటే షరతు. ఈ సంగతి అమ్మకు చెబితే "ఆదివారం ఏడింటికి పాలవాడు వస్తాడే, ఏడుంపావుకు చెయ్యి" అన్నది. సంకల్పంలో అవతలి మనిషిని అడగకుండా వేళ పెట్టేశానని అప్పుడు తెలిసింది.

ఈసారి ఉగాది మాకు పనిదినం. గుడిలో ఉత్సవం ఎలాగూ వారాంతంలోనే పెడతారు. పచ్చడికి వేపపువ్వు ఎండుదే దొరుకుతుంది, దానికి చేదు తప్ప వాసన ఉండదు.

బెల్లంబజారు (మార్చి 18, రాత్రి)

అందరికీ కృతజ్ఞతలు. ఈ రోజు కొత్త అమావాస్య. బయట జాతర మైకులు వినబడుతున్నాయి, ఇంట్లో ఈ పని చేశాను.

మూడింటిలో ఒకటి రద్దు చేశాను. తెల్లవారుజాము నడక నాకు కుదరదు, రాత్రి పదకొండున్నరకు గానీ నేను పడుకోవడం లేదని మాస్టారు గారి ప్రశ్నతో తేలింది. అప్పు సంగతికి మొత్తం రాయకుండా, ఏ నెల ఏ తేదీన ఎంత కట్టగలనో పన్నెండు వరుసలు రాశాను, తరువాత పదమూడో వరుస కూడా గీసి, బ్యాంకు వాయిదాలు అధిక మాసాన్ని బట్టి నడవవు కదా అని గుర్తొచ్చి కొట్టేశాను. మా అబ్బాయికి లెక్కలు చెప్పే విషయం వాడినే అడిగాను. పరీక్షల వేళ ఇప్పుడు మీరు చెప్పకండి నాన్నా, ఇంటర్లో చేరాక చూద్దాం అన్నాడు. ఆరేళ్లలో వాణ్ణి అడగడం ఇదే మొదటిసారి. పరాభవ గురించి ముగింపునిల్వ గారి కథ చెబితే, చెయ్యి విరిగిన దగ్గర బాగా నవ్వాడు.

సస్పెన్స్ ఖాతా అన్న మాట చదివాక నాన్నగారి పుస్తకాల్లో అలాంటిది ఏమైనా ఉందేమోనని అటక మీద నుంచి ఆయన ఆఖరి పుస్తకం దింపాను. ఉంది. చివరి అట్టకు ముందు పేజీలో "తేలనివి" అని రాసి కింద నాలుగు పద్దులు ఉన్నాయి. మూడింటిని తరువాత ఎప్పుడో వేరే సిరాతో కొట్టేశారు. నాలుగోది అలాగే ఉంది: బెల్లం దిమ్మలు మోసే ఒక కళాసీ పేరు, ఎదురుగా 340 రూపాయలు, పక్కన "ఇవ్వాలి, ఊళ్లో లేడు" అని. నాన్నగారు పోయి పదకొండేళ్లు అయింది. ఆ కళాసీ కూడా ఇప్పుడు లేడని మా అమ్మ చెప్పింది, ఆయన కొడుకు గవరపాలెంలో టీ కొట్టు నడుపుతున్నాడట. పాత నిల్వ ఎక్కించకుండా కొత్త పుస్తకానికి పసుపు రాయడం బాగుండదనిపించింది. రేపు పచ్చడి తిని అటే వెళ్తాను. 340కి ఇన్నేళ్ల వడ్డీ ఎంత వేయాలో ముగింపునిల్వ గారు ఈ రాత్రికే చెప్పగలిగితే మేలు.